మూడు లెవెళ్ళ తేడా: డబ్బు పెట్టి ఆడే ఆటలో ఒక పదో తరగతి అబ్బాయి (కేస్ స్టడీ)

ఆ తల్లి కుర్చీలో కూర్చోకముందే చేతిసంచిలోంచి బ్యాంకు పాసుబుక్కు తీసి నా బల్ల మీద పెట్టింది. డ్వాక్రా వాయిదా కోసం ఖాతాలో ఉంచుకున్న డబ్బు. కట్టాల్సిన రోజున చూసుకుంటే 7,458 రూపాయలు తక్కువ. పన్నెండు సార్లుగా పోయింది, అన్నీ 89, 449, 899 లెక్కన. "బావూ, మా గుంటడు దొంగ కాదు బావూ. అడక్కుండా పది రూపాయలు కూడా ఎప్పుడూ తియ్యనేదు" అంది. తండ్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఏమీ మాట్లాడలేదు. అబ్బాయి గుమ్మం అవతలే ఆగిపోయి తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

నేను విజయనగరంలో పద్నాలుగేళ్ళుగా పిల్లలకూ కుటుంబాలకూ కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఫోన్ గేముల వల్ల నా దగ్గరికి వచ్చే కుటుంబాలు ఏటేటా పెరుగుతున్నాయి. వాటిలో ఈ కేసునే వివరంగా రాయడానికి కారణం ఉంది. "డబ్బు పెట్టకపోతే ఆ ఆటలో గెలవలేం" అని ఆ అబ్బాయి చెప్పిన మాటను తల్లిదండ్రులు సాకు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క కట్టి చూస్తే ఆ మాట నిజం. అది నిజమని ఒప్పుకున్నాకే వైద్యం మొదలైంది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆట పేరు కూడా రాయడం లేదు.

ఏం జరిగింది

నెల్లిమర్ల వైపు పల్లె. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి ఇంటి దగ్గరే కుట్టుమిషను పెట్టుకుంది. అబ్బాయికి పదిహేనేళ్ళు, చదువులో మధ్యరకం, లెక్కల్లో మాత్రం చురుకు. ఇంట్లో రెండు ఫోన్లు. తల్లి ఫోన్‌లో యూపీఐ పెట్టిందే ఈ పిల్లాడు. కుట్టు డబ్బులు అందులో పడుతుంటే ఆవిడకి చూసుకోవడం రాదని వాడే నేర్పాడు, పిన్ను కూడా వాడే పెట్టాడు. మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో ఇదే పద్ధతి. పిల్లలే ఇంటికి క్యాషియర్లు.

ఆట ఇద్దరు ఎదురెదురుగా ఆడేది. చేతిలో కొన్ని కార్డులు, ఒక్కో కార్డు ఒక్కో సైనికుడు. కార్డుకి లెవెల్ ఉంటుంది. ఎక్కువ ఆడితే లెవెల్ మెల్లగా పెరుగుతుంది, డబ్బు పెట్టి పెట్టెలు కొంటే త్వరగా పెరుగుతుంది. పెట్టెలో ఏ కార్డు వస్తుందో తెరిచేదాకా తెలియదు.

ఎస్సెమ్మెస్‌లు డిలీట్ చేశాడు గానీ పాసుబుక్కులో తేదీలు ఉన్నాయి. వాటిని వరసగా రాసుకుంటే ఆ పన్నెండూ ఆరు విడతలుగా తేలాయి. మొదటిసారి 178 రూపాయలు. తర్వాత 538, 899, 1,348, 1,798, చివరికి 2,697. విడతకీ విడతకీ మధ్య రోజులు లెక్కపెట్టాను: 16, 11, 9, 6, 4. నన్ను ఆపింది మొత్తం సొమ్ము కాదు, ఈ రెండు వరసలు. డబ్బు పెరుగుతోంది, ఎడం తగ్గుతోంది. కోరిక తీరితే వరస ఇలా ఉండదు. కొన్నది ఏదో త్వరగా అరిగిపోతోంది, అందుకే మళ్ళీ కొంటున్నాడు.

మొదటి సెషన్

మొదటి సెషన్‌లో పొరపాటు నాదే. వ్యసనం గురించి, నమ్మకం గురించి, అమ్మ కష్టం గురించి మాట్లాడాను. అబ్బాయి అన్నిటికీ తలూపాడు. వెళ్ళిపోయే ముందు మాత్రం ఒక మాట అన్నాడు: "గెలిచేద్దామని పెట్టలేదు సార్. అవతలోడితో సమానంగా ఆడదామని పెట్టాను."

ఆ రాత్రి ఆ మాట నన్ను వదల్లేదు. నేను అడిగినవన్నీ వాడి మనసు గురించి. ఆట గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. జ్వరంతో వచ్చినవాణ్ణి ఊళ్ళో నీళ్ళు ఎలా ఉన్నాయని అడగకుండా మందు రాసి పంపినట్టు అయింది.

గేమింగ్ డిజార్డర్ (ఆట వ్యసనం ఒక రుగ్మతగా) కోణంలో కూడా చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే తన రోగాల జాబితాలో దానికి చోటు ఇచ్చింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితం కంటే ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. ఈ అబ్బాయి రోజుకు గంట, గంటన్నర ఆడేవాడు. బడి మానలేదు, నిద్ర పాడు చేసుకోలేదు, స్నేహితుల్ని వదల్లేదు. రోగం పేరు అంటించడానికి ఇక్కడ ఆధారం లేదు. ఉన్నది రెండు నెలల లోపు జరిగిన ఖర్చు, దాన్ని దాచిపెట్టడం, దాని వెనక ఒక ఫిర్యాదు.

నోటుబుక్కు

రెండో సెషన్‌లో వాణ్ణి ఒకటే అడిగాను: "అన్యాయం అన్నావు కదా నాన్నా, ఎంత అన్యాయమో కొలుద్దామా?" రెండొందల పేజీల నోటుబుక్కు ఇచ్చాను. పన్నెండు రోజులు, రోజుకు అయిదు మ్యాచ్‌లు, తండ్రి ఫోన్‌లో, హాల్లో కూర్చుని. ప్రతి మ్యాచ్‌కీ మూడు గడులు: నా లెవెల్, అవతలి వాడి లెవెల్, గెలుపా ఓటమా. ఆ పన్నెండు రోజులూ పైసా పెట్టకూడదు. ఆడటం పూర్తిగా మానిపించాలని తండ్రి పట్టుబట్టాడు. ఆయన కోపం సబబే. కానీ మానిపిస్తే పిల్లాడి ఫిర్యాదు నిజమో కాదో ఎప్పటికీ తేలదని, వాడి మనసులో అది అలాగే ఉండిపోతుందని చెప్పాను. ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు.

నోటుబుక్కు తిరిగి వచ్చేసరికి వాడే ఎర్ర పెన్నుతో కూడికలు కూడా వేసి తెచ్చాడు. మొత్తం 60 మ్యాచ్‌లు. అవతలి వాడి లెవెల్ తనతో సమానంగా గానీ ఒక్క లెవెల్ అటూ ఇటూగా గానీ ఉన్నవి 28, వాటిలో గెలిచింది 15. అవతలి వాడు రెండు లేక అంతకంటే ఎక్కువ లెవెళ్ళు పైన ఉన్నవి 24, వాటిలో గెలిచింది 5. ఇక తనే రెండు లెవెళ్ళు పైన ఉన్నవి 8, గెలిచింది 7.

అరవై మ్యాచ్‌లు చిన్న లెక్కే. ఒక్క పిల్లాడి లెక్కతో ఆట మొత్తానికి తీర్పు చెప్పకూడదు. కానీ ఈ పిల్లాడికి ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడానికి అది చాలు. సమానంగా ఉన్నప్పుడు వాడు సగానికి పైగా గెలుస్తున్నాడు. రెండు లెవెళ్ళు తేడా వస్తే అయిదింట ఒకటి.

తేడా అంత ఎక్కువ ఎందుకుందో కూడా కూర్చుని లెక్క కట్టాం. ఆటలో ఒక్కో లెవెల్‌కి కార్డు బలం దాదాపు పది శాతం పెరుగుతుంది. పది శాతమే కదా అనిపిస్తుంది. నా సైనికుడి ప్రాణం 1,000, దెబ్బ 100 అనుకుందాం. అవతల అదే లెవెల్ ఉంటే వాడు నన్ను చంపడానికి పది దెబ్బలు, నేను వాణ్ణి చంపడానికీ పది దెబ్బలు. ఒక్క లెవెల్ పైన ఉంటే వాడి ప్రాణం 1,100, దెబ్బ 110. నాకు పదకొండు దెబ్బలు కావాలి, వాడికి పదే చాలు. ఈ మాత్రం తేడా తెలివిగా ఆడి పూడ్చుకోవచ్చు. మూడు లెవెళ్ళు పైన ఉంటే? పది శాతం మీద పది శాతం, దాని మీద ఇంకో పది. వాడి ప్రాణం 1,331, దెబ్బ 133. నాకు పద్నాలుగు దెబ్బలు, వాడికి ఎనిమిది. దెబ్బ పెరిగింది, ప్రాణమూ పెరిగింది, అందుకే తేడా రెండు వైపుల నుంచీ కోస్తుంది. "మూడు లెవెళ్ళంటే ముప్పై శాతం అనుకున్నాను సార్, ఇది దగ్గర దగ్గర డబుల్" అన్నాడు వాడు, పెన్ను అక్కడే ఆపేసి.

ఉచితంగా ఆడినా ఎప్పటికైనా అదే లెవెల్‌కి చేరవచ్చని కంపెనీలు చెప్పే మాట ఒకటి ఉంది. మాటగా అది అబద్ధం కాదు. తనకు రోజుకు వచ్చే కార్డులు ఎన్ని, పై లెవెల్‌కి కావలసినవి ఎన్ని అని వాడే భాగించి చూశాడు. ఒక్క కార్డుకి తొమ్మిది నెలలు వచ్చింది. డెక్ అంతా, అంటే ఆడే కార్డులన్నీ, ఎక్కించాలంటే "డిగ్రీ అయిపోద్ది సార్" అన్నాడు. డబ్బు పెట్టినవాడికి అదే పని ఒక సాయంత్రం. అమ్ముతున్నది కార్డు అని పైకి కనిపిస్తుంది. నిజానికి అమ్ముతున్నది కాలం. అవతలి వాడికి ఇంకా రాని రోజుల్ని ఈ రోజే కొనుక్కోవచ్చు. ఎదురెదురుగా ఆడే పోటీలో అది ముమ్మాటికీ అన్యాయమే. ఈ విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

మరి డబ్బు పెట్టినవాడికి మిగిలింది ఏమిటి? ఆటలో రేటింగ్ చరిత్ర చూపించే గ్రాఫ్ ఉంది. దాని పక్కన పాసుబుక్కు తేదీలు పెట్టి చూశాం. ప్రతి విడత తర్వాతా గీత మూడు నాలుగు రోజులు పైకి పోయింది, తర్వాత బల్లపరుపుగా ఆగిపోయింది. చదరంగంలో ఎలో రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, పెరిగితే ఇంకా బలమైనవాళ్ళు ఎదురవుతారు, చివరికి గెలుపులు సగం దగ్గర స్థిరపడతాయి. లెవెల్ కొనుక్కున్నవాణ్ణి కూడా ఆ పద్ధతి వదిలిపెట్టదు. డబ్బు ఈ అబ్బాయిని ఒక మెట్టు ఎక్కించింది. ఆ మెట్టు మీద ఉన్నవాళ్ళలో చాలామంది వీడికంటే ఎక్కువ పెట్టినవాళ్ళు. అక్కడ మళ్ళీ ఓటమి, మళ్ళీ అన్యాయం అనిపించడం, మళ్ళీ 899. విడతల మధ్య 16 రోజులు 4 రోజులైపోవడానికి కారణం అక్కడ దొరికింది.

అంటే కొన్న ఆధిక్యం నిజం, అది నిలవకపోవడమూ నిజం. మూడు రోజుల అద్దె లాంటిది. ఇది కాగితం మీద కనిపించినప్పుడు అబ్బాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నోటుబుక్కులో ఆ ఎనిమిది మ్యాచ్‌ల మీద వేలు పెట్టాడు, తనే రెండు లెవెళ్ళు పైన ఉండి ఏడు గెలిచినవి. "వీళ్ళు కూడా నాలాగే అనుకుని ఉంటారు కదా సార్, అవతలోడు డబ్బులు పెట్టేశాడని?"

నేను అవునన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు.

చింతపిక్కలు

పెట్టెల సంగతి వేరేగా తేల్చాల్సి వచ్చింది. వాడి ఖర్చులో ఎక్కువ భాగం ఒకే ఒక్క కార్డు కోసం పోయింది. ఆ కార్డు వచ్చే అవకాశం రెండు శాతమని ఆటలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంది. చైనా 2017 మే నుంచి ఇలాంటి అవకాశాలు బయటపెట్టాలని నియమం పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఆపిల్ కూడా తన స్టోర్‌లోని యాప్‌లకు అదే షరతు విధించింది. బెల్జియం 2018లో ఇంకా ముందుకెళ్ళి, డబ్బుకి అమ్మే ఇలాంటి పెట్టెలు జూదం కిందికి వస్తాయంది. ఈ అబ్బాయి ఆ రెండు శాతం చదివాడు. చదివి, "నూటికి రెండంటే యాభైకి ఒకటి, యాభై పెట్టెలు తెరిస్తే గ్యారంటీ" అనుకున్నాడు. లెక్కల్లో చురుకైన పిల్లాడు కూడా ఇక్కడే పడిపోతాడు.

ఉప్పు డబ్బాలో యాభై చింతపిక్కలు వేశాను. ఒకదానికి సున్నం రాశాను. చూడకుండా ఒకటి తియ్యి, చూసి మళ్ళీ డబ్బాలోనే వెయ్యి, డబ్బా కుదుపు, మళ్ళీ తియ్యి. ప్రతి తీతకీ ఒక గీత. పదికి నవ్వుతూ ఉన్నాడు. ఇరవై దాటాక మాటలు తగ్గాయి. ముప్పై ఎనిమిదో నలభయ్యో తీసేటప్పుడు వేళ్ళతో పిక్కల్ని తడుముతున్నాడు, సున్నం గరుకు తగులుతుందేమోనని. "తడమకూడదు, పెట్టెలో తడమనివ్వరు కదా" అన్నాను. యాభై అయ్యాయి. తెల్ల పిక్క రాలేదు. "ఇంకో పది తీస్తాను సార్" అన్నాడు.

ఆ "ఇంకో పది" దగ్గరే ఆపి, ఇప్పుడు నీకు ఏమనిపిస్తోంది అని అడిగాను. "ఇప్పటిదాకా రాలేదు కాబట్టి ఇక వచ్చేస్తదనిపిస్తోంది." పిక్కకి గుర్తుంటుందా, యాభై సార్లు రాలేదని? కాసేపు ఆలోచించి లేదన్నాడు. అప్పుడు లెక్క చూపించాను. ఒక్క తీతలో రాకపోవడానికి అవకాశం 98 శాతం. యాభై సార్లూ రాకపోవడానికి 0.98ని యాభై సార్లు గుణించాలి, దాదాపు 0.36. యాభై పెట్టెలు తెరిచిన నూరుగురిలో ముప్పై ఆరుగురు ఉత్తి చేతులతోనే లేస్తారు. రెండోసారి తీసినప్పుడు తెల్ల పిక్క ముప్పై ఒకటో తీతకి వచ్చింది. వచ్చినప్పుడు వాడి ముఖం చూశాను. డబ్బాలో పిక్క దొరికితేనే ఆ వెలుగు. తెర మీద బంగారు రంగులో కార్డు తెరుచుకుంటే ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

అన్ని ఆటలూ ఒకటి కావు

ఇంటివాళ్ళతో కలిసి కూర్చున్న సెషన్‌లో తండ్రి మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. ఆన్‌లైన్ గేములన్నీ గవర్నమెంటు బ్యాన్ చేసింది కదా, ఇది ఎలా నడుస్తోంది అన్నాడు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పందెం కాసి డబ్బు గెలుచుకునే ఆటల్ని నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ని (పోటీలుగా ఆడే వీడియో గేముల్ని), మామూలు కాలక్షేపం ఆటల్ని వేరుగా చూసింది. మన రాష్ట్రంలో రమ్మీ లాంటి వాటిని 2020లోనే నిషేధించారు. ఈ అబ్బాయి ఆడేదాంట్లో తిరిగి డబ్బు రాదు, పోవడమే. అందుకని అది ఆ నిషేధం కిందికి రాదు. ఈ తేడా తల్లిదండ్రులకు తెలియాలి. తెలియకపోతే "బ్యాన్ అయిన ఆట ఆడావు" అని పిల్లాడి మీద తప్పుడు నేరం మోపుతారు, వాడు ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతా అంతా కొట్టిపారేస్తాడు.

డబ్బు పెడితే అన్యాయంగా గెలవచ్చా అన్న ప్రశ్నకి కూడా ఒకే జవాబు లేదు. ఏ ఆట, డబ్బుకి ఏం ఇస్తోంది అని చూడాలి. బీజీఎమ్ఐ అనే తుపాకీ ఆటలో డబ్బుకి వచ్చేవి ప్రధానంగా బట్టలు, తుపాకీ రంగులు. ఎంత ఖరీదైన రంగు వేసినా తూటా దెబ్బ పెరగదు. అలాంటిదే ఇంకో ఆట ఫ్రీ ఫైర్‌లో కొన్ని తుపాకీ స్కిన్‌లకి (పైరంగులకి) దెబ్బ బలంలోనో తూటాలు మళ్ళీ నింపే వేగంలోనో చిన్న చిన్న తేడాలు ఉంటాయి. లీచెస్ అనే సైట్‌లో చదరంగం పూర్తిగా ఉచితం, కొనడానికి ఏమీ లేదు. ఈ అబ్బాయి ఆడినట్టు బలాన్నే అమ్మే ఆటలు వీటన్నిటికీ అవతలి కొసన ఉన్నాయి. పిల్లలు వీటన్నిటినీ గేమ్స్ అనే ఒకే మాటతో పిలుస్తారు, మనమూ అంతే.

ఇంకో సంగతి. స్కిన్‌లే అమ్మే ఆటలో కూడా డబ్బుతో వచ్చే ఆధిక్యం వేరే దారిలో వస్తుంది. ఖరీదైన ఫోన్‌లో ఆట సెకనుకు తొంభై ఫ్రేములు (బొమ్మలు) చూపిస్తుంది, జైరోస్కోప్ ఉంటుంది కాబట్టి ఫోన్ వంచి గురిపెట్టవచ్చు. చవక ఫోన్లలో కొన్నింటికి ఈ రెండూ ఉండవు. పల్లెలో సాయంత్రం ఆరు దాటితే నెట్ నెమ్మదిస్తుంది. విశాఖలో ఉన్న పెదనాన్న కొడుకుతో ఆడితే ఎప్పుడూ వాడే ముందు కాలుస్తాడని ఈ అబ్బాయి చెప్పాడు. ఇది ఏ కంపెనీ ఆటలో పెట్టిన అన్యాయమూ కాదు. కానీ ఆ పిల్లాడి చేతికి అది తెలుస్తూనే ఉంటుంది.

ఆ సెషన్‌కి తల్లి తన తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చింది. నాకు నేర్పింది ఆయనే అని చెప్పాలి. ఒకప్పుడు బరువులు ఎత్తినవాడు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ గురించి మా జిల్లాలో తెలియనివాళ్ళు ఉండరు, ఊరు ఊరంతా వెయిట్‌లిఫ్టర్లే అంటారు. మేనల్లుడి నోటుబుక్కు అంతా తిప్పి చూసి ఆయన అన్నాడు: "ఒరే అల్లుడూ, మాకు పోటీకి ముందు కాటా వేస్తారు. అరవై కేజీలోణ్ణి అరవై కేజీలోళ్ళతోనే దింపుతారు. నీ ఆటలో కాటా ఏదిరా?"

కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అక్కడ ఎవరి తిండికి ఎంత ఖర్చయినా, ఎవరికి ఎంత మంచి కోచ్ దొరికినా, బార్ మీద వేసే కిలో అందరికీ ఒకటే కిలో. మేనమామ అన్న కాటా మాట అబ్బాయికి నా లెక్కలన్నిటికంటే బాగా ఎక్కింది. ఎందుకంటే ఆటలోనే కాటా ఉన్న చోటు ఒకటి ఉందని వాడికి అప్పుడు గుర్తొచ్చింది. ఇలాంటి ఆటల్లో కొన్నింటిలో ఉన్నట్టే, అందులోనూ అందరి కార్డులూ ఒకే లెవెల్‌కి తెచ్చి ఆడించే మోడ్ ఉంది. దాంట్లో ర్యాంకు పెరగదు, బహుమతులు తక్కువ, అందుకని వాడు ఎప్పుడూ అటు వెళ్ళలేదు.

ఒప్పందం

ఒప్పందాన్ని ముగ్గురూ కలిసి నోటుబుక్కు వెనక పేజీలో రాశారు. ఆడేది సమాన లెవెల్ మోడ్ మాత్రమే, రోజుకు ముప్పావు గంట. తల్లి యూపీఐ పిన్ను ఆవిడే మార్చుకుంది, కొత్తది కొడుక్కి చెప్పలేదు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాం. ఇది చాలా ఫోన్లలో ఆన్ చేయకుండానే ఉండిపోతుంది, చేయడానికి రెండు నిమిషాలు చాలు. రిఫండ్‌కి కూడా దరఖాస్తు పెట్టాం. చివరి విడత 2,697 వెనక్కి వచ్చింది, మిగతాది రాలేదు. ఆలస్యమయ్యే కొద్దీ దారులు మూసుకుపోతాయి కాబట్టి, ఇలాంటిది కనిపించిన రోజునే అడగాలని మిగతావాళ్ళకి చెబుతున్నాను.

మిగిలిన 4,761 రూపాయల గురించి తండ్రికి ఒక ఆలోచన, తల్లికి ఇంకో ఆలోచన. తండ్రి సెలవుల్లో పనికి పంపిస్తానన్నాడు. నేను వద్దన్నాను, పదో తరగతి ఏడాది. తల్లి అడిగిందే చివరికి కుదిరింది. ఆవిడ సంఘానికి లెక్కల పుస్తకం రాసేవాళ్ళు లేక ప్రతి నెలా ఎవరినో బతిమాలుకోవాలి. ఏడాది పాటు ఆ పుస్తకం వీడే రాయాలి. పదిమంది ఆడవాళ్ళ ముందు కూర్చుని, ఎవరు ఎంత కట్టారో, ఎవరి వాయిదా తప్పిందో రాయాలి. వాయిదా ఎందుకు తప్పిందో ఆ గదిలో కొందరికి తెలుసు. మొదటి నెల వాడు వెళ్ళనని ఏడ్చాడట. తల్లి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అంత కఠినమైనది నేనైతే సూచించి ఉండేవాణ్ణి కాదు. ఆవిడకి కొడుకు నాకంటే బాగా తెలుసు.

సిరిమాను వారం సెషన్ పెట్టలేదు, ఊరంతా జనం. ఆ తర్వాత వచ్చినప్పుడు నోటుబుక్కులో కొత్త పట్టిక ఉంది. మూడు వారాల్లో సమాన మోడ్‌లో 45 మ్యాచ్‌లు, 26 గెలుపులు. వాడికి ముఖ్యమైంది ఆ 26 కాదు. ఓడిన 19 పక్కన ఒక్కోదానికీ కారణం రాశాడు: "తొందరపడి ముందే వేశాను." "ఎడమ వైపు చూడలేదు." "వాడు బాగా ఆడాడు." పాత అరవై మ్యాచ్‌ల పట్టికలో ఓటమి పక్కన ఎక్కడా కారణం రాయలేదు. అక్కడ రాయడానికి ఒకటే కారణం ఉండేది. అది వాడి చేతిలో లేదు.

ఓటమికి కారణం తన ఆటలోనే దొరికితే పిల్లాడు నేర్చుకుంటాడు. కారణం అవతలి వాడి జేబులో ఉంటే నేర్చుకోవడానికి ఏమీ ఉండదు, కొనడానికే ఉంటుంది. పిల్లల్ని చూసే మా వృత్తిలోవాళ్ళు ఆట ఎన్ని గంటలు అని అడిగే ముందు, ఓడిపోతే ఎందుకు ఓడిపోయావని అడగాలి. ఈ కేసు తర్వాత నా పద్ధతి నేను అలా మార్చుకున్నాను. ఆ జవాబులోనే ఆట ఎలాంటిదో తెలిసిపోతుంది.

తర్వాత

దీపావళికి ఆటలో పండగ ఆఫర్ వచ్చింది. సగం ధరకి పెట్టె, ఇరవై నాలుగు గంటలే. అబ్బాయి మేనమామ ఇంట్లో ఉన్నాడు, బాణసంచా కొనుక్కోమని ఇచ్చిన డబ్బు చేతిలో ఉంది, స్నేహితుడి ఫోన్ ఉంది. కొన్నాడు.

ఎవరికీ తెలిసేది కాదు. నాలుగో రోజున తనే బస్సెక్కి విజయనగరంలో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర దిగి, అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. అమ్మకి పొద్దున్నే చెప్పానన్నాడు. అమ్మ ఏమంది అంటే, మీ దగ్గరికే వెళ్ళమందన్నాడు. సంచిలోంచి నోటుబుక్కు తీసి వెనక పేజీ చూపించాడు. ఒప్పందం కింద సంతకాల తర్వాత కొత్తగా ఒక్క వరస, అదే ఎర్ర పెన్నుతో:

"89. ఒక లెవెల్ పెరిగింది. మూడు రోజులు."

డిసెంబరు దాకా ప్రతి నెలా ఒకసారి వచ్చాడు. ఆ వరస కింద ఇంకో వరస చేరలేదు. సంఘం లెక్కల పుస్తకం ఇప్పటికీ వాడే రాస్తున్నాడు.